ఫేలని చెప్పిన రూపాయి

నేను మోస్తున్న బరువు తులానికి కాస్త తక్కువ. గుండె మీది బరువును ఇంత కచ్చితంగా తూచి చెప్పగలిగే అదృష్టం అందరికీ ఉండదు. నాది ఒక వెండి రూపాయి బరువు. కొన్నేళ్లుగా మోస్తున్నాను. ఆ రూపాయి ఇప్పుడు లేదు. బరువు మాత్రం తరుగు పోకుండా అలాగే ఉంది.

ఈ మధ్యే ఒక మనిషికి చెప్పాను. చెప్పాల్సిన మనిషికే. ఆ సంగతి చివర్లో వస్తుంది. తర్వాత ఇంకొకరికి చెప్పాను. మీరు మూడోవారు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఇలాంటి మాటలకు ఇది మంచి ఏర్పాటు.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. గొప్ప ఉద్యోగమని కాదు, అది తెలియకపోతే నేను చేసిన పని మీకు చిన్నదిగా కనిపిస్తుంది. నాకే చాలాకాలం చిన్నదిగా కనిపించింది.

గద్వాలలో పత్తి విత్తనాల ఆర్గనైజర్ దగ్గర లెక్కలు చూస్తాను. వనపర్తిలో బీకాం చదివాను. ఆర్గనైజర్ అంటే కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే మనిషి. ఆ మనిషికీ రైతుకూ మధ్య ఉండే మనిషిని నేను. మా దిక్కు రైతులు ఆడ చెట్టు పువ్వుకు మగ చెట్టు పుప్పొడి చేత్తో రుద్ది విత్తనం తీస్తారు. ఒక్కొక్క పువ్వుకూ, ఇంటిల్లిపాదీ. గింజ కంపెనీకి పోతుంది. అక్కడ పరీక్ష చేస్తారు. నెలల తర్వాత ఒక మాట వస్తుంది. పాస్, లేదంటే ఫేల్. పాసైతే ధర. ఫేలైతే ఉత్త దండం. ఆ మాట రైతుకు చెప్పడం నా పని. కుర్చీలోంచి లేవనక్కర్లేని పని. ఎందుకు ఫేలయిందని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండదు. కాబట్టి కొన్నాళ్లకు వాళ్లే అడగడం మానేశారు. నా నోటి నుంచి ఫేల్ అనే మాట వస్తే, తువ్వాల భుజాన వేసుకుని మాట్లాడకుండా లేచిపోవడం ఇక్కడ చాలామందికి అలవాటు. ఆ అలవాటు కొంతవరకు నేను చేసిందే.

నా రెండో వ్యాపకం పాత నాణేలు. జీతం గుమాస్తాది, కోరికలు సంస్థానాధీశులవి. ఈ రెంటి మధ్య దూరాన్నే నాణేల సేకరణ అంటారని నా అనుభవం.

ఆ లోకంలోకి పోయేవాడికి మొదటి రోజే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. విడి నాణెం కొనాలా, డబ్బా నాణెం కొనాలా? విడిది అంటే చేతిలోకి వచ్చినది వచ్చినట్టు. అసలుదో నకిలీదో మన కన్నే చెప్పాలి. డబ్బాది అంటే, ఎక్కడో నిపుణులు దాన్ని చూసి, అసలుదేనని తేల్చి, ఎంత అరిగిందో ఒక అంకె వేసి, మళ్లీ తెరవడానికి వీల్లేని ప్లాస్టిక్ డబ్బాలో మూసి పంపినది. దీన్నే గ్రేడింగ్ అంటారు. డబ్బాది ఖరీదు. చిన్న సంచీ ఉన్నవాడికి ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. విడివి అదే డబ్బుకు గుప్పెడు వస్తాయి, గుప్పెట్లో సగం మోసం కావచ్చు. ధనవంతుడికి ఇది అభిరుచి ప్రశ్న. మాలాంటివాళ్లకు ఒక్క తప్పు కొనుగోలు అంటే ఏడాదంతా వాట్సాప్‌లో ఇతరుల నాణేలకు దండాలు పెట్టుకుంటూ కూర్చోవడం.

నేను ఆ తప్పు చేశాను. కర్నూలులో ఒక విడి రూపాయి కొన్నాను. అమ్మినవాడు దాని గురించి ఎంత చరిత్ర చెప్పాడంటే, నాణెం చూడడానికి నాకు తీరిక దొరకలేదు. ఇంటికొచ్చి బండ మీద వేస్తే వెండి మోగలేదు. అన్నం గరిటె పడ్డ చప్పుడొచ్చింది. పోత పోసిన సరుకు. ఆ తర్వాత డబ్బా మతం పుచ్చుకున్నాను. రెండు నెలల జీతంలోంచి మిగిల్చి, రాణి బొమ్మ ఉన్న రూపాయి ఒకటి డబ్బాలో కొన్నాను. అలాంటి రూపాయలు ఊరికి పది దొరుకుతాయి. కానీ నాదానికి అంకె ఉంది.

బాలన్న విడి మతం. బాలన్న మానవపాడు దగ్గరి రైతు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. విత్తనాల పత్తి వేస్తాడు, అలా ఆఫీసులో పరిచయం. ఒకసారి ఏదో పని మీద వచ్చి నా బల్ల మీది రాగి బిళ్లను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో రుద్ది, "ఇది మంచిదే తమ్మీ, గని కడిగి సెడగొట్టిన్రు" అన్నాడు. నిజమే. నిమ్మకాయ పెట్టి తోమింది నేనే. ఆ రోజు నుంచి స్నేహం.

నా రాణి డబ్బాను మొదటిసారి చూపించినప్పుడు అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏంది తమ్మీ, గిది ఫ్రీజర్ బాక్సుల పెట్టిన ముసల్దానోలె ఉన్నది. సూడనీకి పోవాలె, ముట్టనీకి లేదు."

"గ్యారంటీ ఉంటది అన్నా."

"ఎవడిచ్చిండు? మా గింజను ఫేల్ జేసినోడు పొలం మొకం సూసిండా? గసోంటోడే గద నీ డబ్బా మీద నంబర్ ఏసింది."

ఆ ఏడు బాలన్న గింజ ఫేలయింది. చెప్పింది నేనే. మా స్నేహంలో దాని ప్రస్తావన ఎప్పుడూ నేరుగా రాలేదు. ఇలా పక్కదారిన వచ్చి పోయేది.

మాకు మూడో మనిషి రఫీ. గద్వాలలో దర్జీ. మేము ముగ్గురం నెలకోసారి బస్టాండు దగ్గరి హోటల్లో కూర్చుని చాయ్ తాగుతూ ఒకరి నాణేలను ఒకరం తక్కువ చేసుకునేవాళ్లం. రఫీ నాణేలు కొనేది తక్కువ, కొనేవాళ్ల మీద జోకులు వేసేది ఎక్కువ. ఈ వ్యాపకంలో నష్టం రానిది అతనికొక్కడికే.

ఇక ఆ రోజు.

చలికాలం మొదలు. బాలన్న కొంచెం ఆలస్యంగా వచ్చాడు. కూర్చోగానే జేబులోంచి పసుపు అంటిన గుడ్డ మూట తీసి, విప్పి, నా ముందు పెట్టాడు. గోపాల్‌పేటలో పాత సామాను కొనే మనిషి దగ్గర, తెగిన గొలుసులూ విరిగిన కాలి కడియాల మధ్య దొరికిందట. మేకపిల్లను అమ్మిన పైసలతో కొన్నాడట.

గద్వాల రూపాయి. సంస్థానం తన సొంత టంకశాలలో చేత్తో కొట్టించినది. అలాంటివి ఏ రెండూ ఒకలా ఉండవు. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది, సుత్తి దెబ్బకు ఎంత అక్షరం పడితే అంత. నేను భూతద్దం తీశాను. అంచున పోత పోసిన గీత లేదు. ముఖం మీద బుడగల గుంటలు లేవు. అక్షరాల సందుల్లో నలుపు ఒక్క రోజులో పూసింది కాదు, ఏళ్లపాటు కూర్చున్నది. ఒక పక్కన ఏ కాలంనాటి సరాఫో వెండి పరీక్షకు పెట్టిన చిన్న గాటు, ఆ గాటు లోపల కూడా అదే నలుపు. బల్ల మీద మెల్లగా వదిలాను. మోగింది.

ఇక్కడ ఆగాలి. ఈ చోటు దగ్గర ఎన్నోసార్లు తప్పించుకున్నాను. నాకు అనుమానం వచ్చిందని, సరిగ్గా చూడలేకపోయానని, హోటల్లో వెలుతురు తక్కువని నాకు నేను చెప్పుకున్నాను. వెలుతురు బాగానే ఉంది. అనుమానం లేదు. నా కన్ను అంత గొప్పది కాదు గానీ, ఆ నాణేన్ని పోల్చడానికి గొప్ప కన్ను అక్కర్లేదు. నాకు తెలుసు. అద్దం దింపకముందే తెలుసు.

రఫీ వంగి చూసి నవ్వాడు. "సార్ రెండు నెల్ల జీతం పెట్టి డబ్బా కొన్నడు. బాలన్న మేకపిల్లనమ్మి రాజునే కొన్నడు. అరె సార్, జర డబ్బా దాసిపెట్టుకో, రాణికి సిగ్గయితది."

బాలన్న నవ్వలేదు. ముందుకు వంగి అడిగాడు. "తమ్మీ, ఒక మాట. దీన్ని గిట్లనే ఉంచాల్నా, డబ్బాల పెట్టియ్యాల్నా? పైసలు ఎక్కువయితయని ఎరికే. ఇంగో మేకపిల్ల పోతది, పోనీ. నేను డబ్బాలు తిడ్త గని, దీనికొక్కదానికి అనిపిస్తుంది. గింజకు ఎట్లా పాస్ రాకపాయె. దీనికన్న రానీ. ఒక్కపారి నా మాలు పాసయితే సూడాలె."

అతను అలా అడగకపోయి ఉంటే నేను ఏం చెప్పేవాడినో తెలియదు. డబ్బాలను ఎగతాళి చేసే మనిషి, ఆ ఒక్క నాణెం కోసం నా మతంలోకి రావడానికి సిద్ధపడ్డాడు. పైగా నాకంటే గొప్ప నాణెంతో. నేను నెలనెలా కడుపు కట్టుకుని కొన్న అంకె, అతనికి పాత సామాను గంపలో, బొటనవేలి కొసకు దొరికింది.

అద్దం దింపి, ఆఫీసులో కుర్చీలో కూర్చున్న గొంతుతోనే అన్నాను.

"ఫేల్ అన్నా."

జోకే. జోకని అనుకునే అన్నాను. రఫీ నవ్వుతాడు, బాలన్న బూతు తిడతాడు, అరగంట వాదిస్తాడు, చివర్లో నేను "పాస్, డిస్టింక్షన్" అని చాయ్ డబ్బులు ఇస్తాను. నా తలలో నాటకం అంతా రాసి ఉంది. బాలన్న మాత్రం తన భాగం చెప్పలేదు.

"ఫేలా?" అన్నాడు, చాలా మామూలుగా.

ఇప్పుడు చెప్పొచ్చు. ఇంకా చాయ్ కూడా రాలేదు. నేను ఏమన్నానో తెలుసా? "వెండి మంచిదే. కొట్టుడే కొత్తది. ఈ మధ్య ఇట్లాంటివి మస్తు చేస్తుండ్రు." ఒక అబద్ధానికి ఆధారం వెతకడంలో చూపిన శ్రద్ధ, నిజం విషయంలో నేనెప్పుడూ చూపలేదు.

బాలన్న ఎందుకని అడగలేదు. గుడ్డ మడిచాడు. జేబులో పెట్టుకున్నాడు. "పోనీ, వెండన్న మంచిదే గద" అన్నాడు. తువ్వాల భుజాన వేసుకున్నాడు. చాయ్ వచ్చింది. తాగి లేచిపోయాడు.

తర్వాత రఫీ, "నిజంగనే ఫేలా సార్? నాకైతే మంచిగనే కనవడ్డది" అన్నాడు. "నీకు బటన్లు తెలుస్తయి రఫీ భాయ్, సిక్కలు తెల్వవు" అన్నాను. అతను నవ్వి ఊరుకున్నాడు. నా జోకులకు అప్పట్లో మంచి పేరు.

మరి ఎందుకు వెంటనే చెప్పలేదు? ఈ ప్రశ్నకు నా దగ్గర మూడు జవాబులున్నాయి, పైనుంచి కిందికి పోయేకొద్దీ నిజం చిక్కబడుతుంది. మొదటిది, వచ్చే నెల చాయ్ దగ్గర చెబితే ఇంకా బాగా పేలుతుందని. రెండోది, కుళ్లు. కొన్నాళ్లపాటు అతను తన కన్ను మీద అనుమానంతో ఉంటే నా డబ్బాకు కొంచెం గౌరవం వస్తుందని. మూడోది రాయబోయి రెండుసార్లు కలం పక్కన పెట్టాను. మర్నాటికే నాకు ఇంకో ఆలోచన వచ్చింది. నకిలీదని నమ్మాడు కదా, వెండి ధరకు అడిగితే ఇస్తాడు కదా. పుణ్యానికి కొంటున్నట్టే ఉంటుంది. తర్వాత గ్రేడింగ్‌కు నేనే పంపొచ్చు.

ఈ ఆలోచనతోనే రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాను. అవును, చేశాను. "అన్నా, ఆ రూపాయి ఏం జేస్తవ్?" అన్నాను. పొలంలో ఉన్నాడు, మాట సరిగా వినపడలేదు. "మనుమరాలి తొట్టెల పండుగుంది తమ్మీ, వచ్చే ఆదివారం. నువ్వు రావాలె. గప్పుడు మాట్లాడుదాం" అని పెట్టేశాడు. నాకు పెద్ద కంగారు కలగలేదు. రూపాయి ఎక్కడికి పోతుంది?

ఆదివారం పోయాను. పసిపిల్లకు గౌను కొనుక్కుని పోయాను. ఆ రోజు చెప్పేస్తానని కూడా దారిలో అనుకున్నాను, అడిగేస్తానని కూడా అనుకున్నాను. ఏది ముందొస్తే అది. బాలన్న ఇంటి ముందు టెంటు వేశారు. వాళ్లమ్మాయి సుజాత కుర్చీలో కూర్చుని ఉంది. తొట్టెకు పూలు కడుతున్నారు. బాలన్న భార్య ఈదమ్మ వదిన నన్ను చూడగానే పిల్లను ఎత్తుకుని వచ్చింది.

"ఇగో తమ్మీ, నీ మనుమరాలు. సేతులు సూడు."

రెండు చేతులకూ వెండి మురుగులు. కొత్త వెండి తెలుపు. పిల్ల పిడికిళ్లు బిగించి ఉంది.

"మంచిగున్నయి వదినా."

"నీ పుణ్యమే. అమ్మమ్మ దిక్కు నుంచి పిల్లకు మురుగులు పెట్టాలె గద. నా పాత కడియాలు ఇరిగినయి ఉండె గని, తూకం సాల్లేదు. కొత్త ఎండి కొందమంటే రేటు నింగికంటింది. పరేషానయితుంటే మీ అన్న ఆ రూపాయి తీసిచ్చిండు. తమ్ముడు సూసిండు, సిక్క ఉత్తదేనంట, ఎండి మంచిదంట అన్నడు. కంసలాయన గూడ ఎండి సొక్కమన్నడు. రెండు కలిపి కరగబోసిండు."

పాత వెండి రూపాయిని కరిగించి పిల్లల చేతులకు పెట్టడం మా దిక్కు కొత్తేమీ కాదు. ఎన్ని సంస్థానాల చరిత్ర ఇలా పసిపిల్లల మణికట్ల మీద మెరిసి అరిగిపోయిందో. కానీ బాలన్నకు ఆ రూపాయి మంచిదని తెలిసి ఉంటే ఆకలితో ఉన్నా కరగనిచ్చేవాడు కాదు. అది నాకు తెలుసు.

బాలన్న వెనక నుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "సూసినవా తమ్మీ? నీ తాన ఫేలయింది గని, పిల్ల సేతిల పాసయింది."

అందరూ నవ్వారు. మొదట నవ్వింది నేను.

తర్వాత పిల్లను ఎత్తుకోమన్నారు. ఎత్తుకున్నాను. ఒక మురుగు నా గడ్డానికి తగిలింది, చల్లగా. భోజనం చేశాను. రెండోసారి కూర కూడా వేయించుకున్నాను. పాపం చేసినవాడికి అన్నం సయించదంటారు. నాకు సయించింది. ఇలాంటి విషయాల్లో పెద్దల మాట పూర్తిగా నమ్మకూడదు.

అక్కడితో ఆగిపోయి ఉంటే, ఒక నాణెం పోయిందని, పోయింది ఎలాగూ తిరిగి రాదని, చెబితే బాధ తప్ప లాభమేముందని సర్దుకునేవాడినేమో. నిజానికి అలాగే సర్దుకున్నాను. చెప్పకపోవడమే దయ అని ఒక పేరు కూడా పెట్టుకున్నాను. కానీ పోయింది నాణెం ఒక్కటే కాదని తర్వాతి ఏళ్లు మెల్లగా చూపించాయి.

బాలన్న మారాడు. ఎగతాళి పోయింది. విడి నాణేలను ఒక్కొక్కటే వదిలించుకున్నాడు. ఎవరో ఏదో చూపిస్తే బొటనవేలు పెట్టేవాడు కాదు. "మనకేం తెలుస్తది" అనేవాడు. ఏడాదంతా దాచి ఒక చిన్న డబ్బా నాణెం కొనేవాడు, ఊరికి పది దొరికే రకం, మీద అంకె ఉన్నది. దాన్ని వెలుతురుకు ఎత్తి చూసేవాడు. నాణేన్ని కాదు. అంకెను.

పైగా అందరికీ చెప్పుకున్నాడు. "ఆ తమ్ముడు లేకుంటే నేను మునిగిపోదును. ఒక్క సూపుతోని పట్టిండు." దాంతో నాకు పేరొచ్చింది. ఆత్మకూరు నుంచి, నాగర్‌కర్నూలు నుంచి ముక్కూమొహం తెలియనివాళ్లు ఫొటోలు పంపి పాసా ఫేలా అని అడిగేవాళ్లు. నేను చెప్పేవాడిని. సరిగ్గానే చెప్పేవాడిని. ఆ ఒక్కటి తప్ప నా తీర్పుల్లో పెద్ద తప్పులు లేవని గర్వంగానే చెప్పగలను. ఆ గర్వం ఎంత పనికొస్తుందో మీరే చూస్తున్నారు.

చిన్న సంచీతో నాణేలు కొనేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అడగకపోయినా నా అభిప్రాయం చెబుతాను. ఈ విషయంలో నాకు అనుమానం లేదు. పోతే ఏడవకుండా ఉండగలిగేంత ధరవి విడిగా కొనండి. పట్టుకోండి, బండ మీద మోగించండి, మోసపోండి. చదువు అక్కడే ఉంది. మోసపోతే ఇంట్లో చెప్పుకోలేనంత ధరవి డబ్బాలో కొనండి. డబ్బా రుసుము నాణెం ధరకు దగ్గరగా ఉంటే ఆ రుసుముతో ఇంకో నాణెం కొనుక్కోండి. ఇంతే. బాలన్న రూపాయి డబ్బాకు తగినదే. అది ఆ రోజు నేను చెప్పాల్సిన సలహా. ఇంకొకటి కూడా ఉంది. డబ్బాలో మూసి పంపేవాడికి మీ మేకపిల్ల మీద కుళ్లు ఉండదు. ఎదురుగా కూర్చుని చాయ్ తాగే సలహాదారుకు ఉండొచ్చు.

మొన్న ఎండాకాలం ముగ్గురం హైదరాబాదులో నాణేల ప్రదర్శనకు పోయాం. ఒక బల్ల దగ్గర బాలన్న ఆగిపోయాడు. ట్రేలో విడి నాణేలు. ఒకటి తీశాడు. వనపర్తి సంస్థానం రూపాయి. చాలాకాలం తర్వాత అతని బొటనవేలు కదలడం చూశాను. అక్షరాల మీద మెల్లగా, గుడ్డివాడు మొహం తడిమినట్టు. కళ్లలో పాత బాలన్న వచ్చాడు. నాకు లోపల ఏదో వదులైంది. కొను అన్నా, కొనేయి.

అతను నాణేన్ని నాకు ఇచ్చాడు. నేను అద్దం పెట్టి చూస్తున్నంతసేపూ నాణెం వైపు చూడలేదు. నా మొహం వైపు చూశాడు. ఆఫీసులో బల్లకు అవతల నిలబడ్డప్పుడు చూసినట్టు.

"పాసా, ఫేలా?"

"పాస్ అన్నా. మంచిగున్నది. ధర కూడా అగ్గువనే."

అతను తీసుకుని ఇంకోసారి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "వద్దులే తమ్మీ. నువ్వు నా కోసమని అంటుండొచ్చు. నాకు మంచిగ కనవడ్డదంటేనే నాకు డౌటు. గప్పుడు గూడ గిట్లనే కనవడ్డది." ట్రేలో పెట్టేశాడు. ముందుకు నడిచాడు.

నాకు మంచిగా కనపడిందంటేనే అనుమానం. ఈ మాట నేను తయారు చేసింది. అచ్చు నాది, సుత్తి నాది. బిళ్ల అతను.

తిరుగు బస్సులో రఫీ జోకులు వేస్తున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఇంతకాలం చెప్పకపోవడానికి ఒక పెద్ద కారణం ఉండేది. చెబితే అతనికి ఒక మంచి నాణెం పోయిన బాధ కొత్తగా కలుగుతుందని. చెప్పకపోతే అతని కన్ను రోజూ పోతోందని ఆ బల్ల దగ్గర తెలిసింది. ఇక నా దయకు విలువ లేదు. భయం ఒక్కటే మిగిలింది. భయానికి మర్యాద ఇచ్చే అలవాటు నాకు లేదు. ఈ ఒక్క విషయంలో తప్ప, ఇన్నేళ్లూ.

ఈ వానాకాలం పువ్వు పని మొదలయ్యాక ఒక పొద్దున బండి మీద అతని పొలానికి పోయాను. ఆ పని ఎండ ముదరకముందే అయిపోవాలి. బాలన్న సాళ్ల మధ్య ఉన్నాడు. ఒక చేతిలో మగ పువ్వు, ఇంకో చేత్తో ఆడ పువ్వును వంచి రుద్దుతున్నాడు. నన్ను చూసి, "ఏంది తమ్మీ, ఆఫీసు పొలానికే వచ్చింది" అన్నాడు.

దారిలో ఎంతో తయారు చేసుకున్నాను. ఏదీ రాలేదు.

"అన్నా, ఆ రూపాయి మంచిదే. గద్వాలదే. అసలుదే. నాకు ఆ రోజే తెలుసు."

అతని చెయ్యి ఆగలేదు. ఆ పువ్వు అయింది. ఇంకో పువ్వు. ఇంకోటి. నేను వెంట నడిచాను. సాలు చివరకు వచ్చాక నిలబడ్డాడు.

"ఎందుకన్నవ్?"

"కుళ్లుతోని."

"నవ్వులాటకు కాదా?"

"నేను గూడ నవ్వులాటకే అనుకున్న అన్నా. కాదు."

చేతిలోని వాడిన మగ పువ్వును కింద పడేశాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండును. నేనూ అతనూ మళ్లీ ఆ హోటల్ బల్ల దగ్గరికి పోయి, అక్కడి నుంచి సరిగ్గా మొదలుపెట్టినట్టు ఉండును.

"అంటే," అన్నాడు, "నేను సూసింది సరిగనే సూసిన."

"సరిగ్గనే చూసినవ్ అన్నా."

ఇంకోసారి అడిగాడు. అదే మాట. నేను అదే జవాబు చెప్పాను. మూడోసారి అడగలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"ఈదమ్మకు సెప్పకు. పిల్లకు తెల్వద్దు. దాని సేతిది దానికి మురుగే. రూపాయి గాదు." నా వైపు చూడకుండానే అన్నాడు. "ఇగ పో."

"అన్నా..."

"పొద్దెక్కుతుంది. పువ్వు వాడుతది. పో."

వచ్చేశాను.

అందుకే ఇక్కడ నా పేరు లేదు. అతనిది, ఇంట్లోవాళ్లవి, రఫీది, నేను రాసినవేవీ అసలు పేర్లు కావు. ఆ పిల్ల బడికి పోతోంది. మురుగులు ఎప్పుడో చిన్నవైపోయి ఉంటాయి. ఎక్కడో బియ్యం డబ్బాలో దాచి ఉంటారేమో, తమ్ముడికో చెల్లెలికో. రఫీకి మాత్రం నా నోటితోనే చెప్పాను. "నాకైతే మంచిగనే కనవడ్డదని అన్న గద సార్" అన్నాడు. జోకు వెయ్యలేదు. నాకు తెలిసి అది అతనికి మొదటిసారి.

ఆ తర్వాత బాలన్న ఫోన్ చేయలేదు. చాయ్‌కి రావడం లేదు. గింజ తూకానికి కొడుకును పంపుతున్నాడు. క్షమించాడా అని మీరు అడగొచ్చు. లేదు. క్షమించాలని నేను కూడా అనుకోవడం లేదు. క్షమిస్తే మళ్లీ స్నేహితులమవుతాం, మళ్లీ నాణేలు తెచ్చి నా ముందు పెడతాడు, మళ్లీ నా మొహం చూస్తాడు. అది వద్దు.

పోయిన వారం రఫీ ఒక మాట చెప్పాడు. ఆత్మకూరు అంగట్లో బాలన్న ఒక విడి రూపాయి కొన్నాడట. ఎవరికీ ఫొటో పంపలేదు. ఎవరినీ అడగలేదు. బొటనవేలితో రుద్ది, మోగించి, బేరమాడి, జేబులో వేసుకుని పోయాడట. మంచిదా అని రఫీని అడగబోయాను. ఆగిపోయాను. అడిగే పని నాది కాదు.

మీకు చెప్పడం వల్ల ఏదీ బాగుపడదని తెలుసు. కరిగింది కరిగింది. కానీ ఎన్నో ఏళ్లుగా ఎన్నో మాటల వెనక, ఎన్నో జోకుల వెనక ఉంచిన రెండు వాక్యాలు ఇప్పుడు నా చేత్తో, ఏ సాకూ తగిలించకుండా రాయగలుగుతున్నాను. రాస్తుంటే ఊపిరి సులువుగా ఆడుతోంది. ఆ మాత్రం ఒప్పుకోవాలి.

ఆ రూపాయి అసలుది. నేను అబద్ధం చెప్పాను.